జీతం నడుమ గీతం

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం అనగానే మనలో చాలామందికి బీథోవెన్, మొజార్ట్, బాఖ్ వంటి పేర్లు స్ఫురిస్తాయి. వీరంతా జర్మన్ భాషా ప్రాంతాలవారు. కొంచెం ఎక్కువ పరిచయం ఉన్నవారు ఇటలీ నుండి వెర్డీని, రష్యా నుండి చైకోవ్‌స్కీని చేరుస్తారు. మనల్ని పాలించిన దేశం, మనకు రైలునూ తంతినీ దస్తావేజులనూ క్రికెట్టునూ అలవాటు చేసిన దేశం ఇంగ్లండు. ఆ దేశపు స్వరకర్త ఒక్కరి పేరు చెప్పమంటే మాత్రం తడుముకోక తప్పదు.

ఇందులో మన తప్పేమీ లేదు. ఒకప్పుడు జర్మనీవారే ఇంగ్లండును 'సంగీతం లేని దేశం' అని ఎద్దేవా చేసేవారు. హెన్రీ పర్సెల్ 1695లో కన్నుమూసిన తరువాత సుమారు రెండు వందల ఏళ్ళపాటు యూరప్ అంతటా మార్మోగే పేరు ఒక్కటీ ఆ దేశంలో పుట్టలేదు. లండనులో స్థిరపడి కీర్తి గడించిన హాండెల్ కూడా జర్మనీలో జన్మించినవాడే. ఆవిరి యంత్రాలను, నూలు మిల్లులను, ఓడలను లోకానికి అందించిన జాతి, పాటను మాత్రం దిగుమతి చేసుకునేది.

ఇరవయ్యో శతాబ్ది తొలి మూడు దశాబ్దాలలో ఈ అపవాదు తొలగిపోయింది. అది ఎలా తొలగింది, తొలగించినవారు పగలంతా ఏ పని చేసేవారు అన్నదే ఈ వ్యాస విషయం. సంగీత శాస్త్రంలో మాకు పాండిత్యం లేదు. కాంక్రీటు, ఉక్కు, యంత్రాల నడుమ మూడు దశాబ్దాల ఉద్యోగ జీవితం గడిపిన ఇంజనీరులము మేము. అయినప్పటికీ ఈ కథ సంగీతజ్ఞులకన్నా మనవంటి ఉద్యోగస్తులకే ఎక్కువ చెందుతుందని మా నమ్మకం.

ఒక క్యాసెట్టు వెనుక

మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1990ల తొలినాళ్ళలో, బ్యాచిలర్స్ హాస్టల్లో పక్క గదిలో ఉండే ఒక సీనియర్ ఇంజనీరు గారు ప్రతి ఆదివారం ఉదయం ఒక క్యాసెట్టు పెట్టేవారు. తొలి నిమిషాలలో అది సంగీతమా, పైలింగ్ యంత్రపు మోతా అన్నది మాకు బోధపడలేదు. తీగ వాద్యాల కమానులను తలకిందులు చేసి, కర్రతో తీగలను కొడుతూ అయిదేసి దెబ్బల లయ మొదలయింది. మన ఖండ గతి వలె అయిదు, మళ్ళీ అయిదు, ఆగకుండా. అది గుస్తావ్ హోల్‌స్ట్ రచించిన 'ది ప్లానెట్స్'లో మొదటి భాగమైన కుజుడు. యుద్ధాన్ని తెచ్చేవాడు అని దానికి ఆయన పెట్టిన ఉపశీర్షిక.

క్యాసెట్టు పెట్టె లోపలి కాగితంలో స్వరకర్త పరిచయం ఉన్నది. హోల్‌స్ట్ లండనులో ఒక బాలికల పాఠశాలలో సంగీతం మాష్టారు అని, వారాంతాలలోనూ సెలవు దినాలలోనూ మాత్రమే స్వరరచనకు కూర్చునేవాడని అందులో చదివి మేము ఆశ్చర్యపోయాము. అంతటి గ్రహమండలాన్ని సృష్టించినవాడు మనవలెనే హాజరు పట్టీకి కట్టుబడినవాడా? ఆ ప్రశ్నే మమ్మల్ని ఈ విషయం వైపు నడిపించింది.

పియానో శ్రుతి చేసేవాని కుమారుడు

ఈ కథ ఎడ్వర్డ్ ఎల్గార్‌తో ఆరంభించుట సముచితం. ఆయన 1857లో వూస్టర్ పట్టణం చేరువన బ్రాడ్‌హీత్ అనే పల్లెలో జన్మించాడు. తండ్రి ఇంటింటికీ తిరిగి పియానోలు శ్రుతి చేసేవాడు. పట్టణంలో చిన్న సంగీత వాద్యాల దుకాణం కూడా ఉండేది. ఎల్గార్‌ను జర్మనీ పంపి చదివించే స్తోమత ఆ ఇంటికి లేదు. పదిహేనో ఏట బడి మాని కొంతకాలం ఒక వకీలు కచేరీలో గుమాస్తాగా కూర్చున్నాడు. దుకాణంలోని పుస్తకాలు చదివి, చర్చిలో ఆర్గాన్ వాయించి, ఎవరు ఏ వాద్యం తెచ్చి ఇచ్చినా సాధన చేసి, తనకు తానే గురువయ్యాడు.

ఆయన తొలి కొలువులలో ఒకటి విశేషంగా చెప్పుకోదగినది. 1879 నుండి 1884 వరకు పోయిక్ అనే చోట మానసిక రోగుల ఆసుపత్రిలో బ్యాండు మాష్టారుగా పనిచేశాడు. ఆ బ్యాండులో వాయించేవారు ఆసుపత్రి సిబ్బందే. డ్యూటీ ముగించుకుని వచ్చినవారిలో ఆనాడు ఎవరు ఉంటే వారికి, ఏ వాద్యం ఉంటే దానికి తగినట్లు నృత్య సంగీతం రాసి ఇచ్చేవాడు. చేతిలో ఉన్న సామగ్రితో పని నెరవేర్చే ఈ నేర్పు తరువాతి కాలంలో ఆయన వాద్యబృంద రచనలో ప్రతి పుటలోనూ కనిపిస్తుందని విజ్ఞులు చెబుతారు.

వయొలిన్ పాఠాలు చెప్పుకుంటూ, ఊరి బృందాలను నడుపుకుంటూ నలభై ఏళ్ళు గడిచాయి. 1899 జూన్‌లో హాన్స్ రిక్టర్ లండనులో 'ఎనిగ్మా వేరియేషన్స్'ను ప్రదర్శించేనాటికి ఎల్గార్ వయసు నలభై రెండు. ఒకే మూల స్వరానికి పద్నాలుగు రూపాంతరాలు. ఒక్కొక్కటి ఆయనకు కావలసిన ఒక్కొక్క మనిషి స్వభావానికి చిత్రణ. భార్య ఉన్నది, స్నేహితులు ఉన్నారు, ఒక స్నేహితుని కుక్క నదిలో పడి ఈదుకుంటూ గట్టెక్కిన వైనం కూడా ఉన్నది. వీటిలో 'నిమ్రోడ్' అనే తొమ్మిదవ భాగం నేటికీ బ్రిటనులో యుద్ధ మృతుల స్మారక దినాన వినిపిస్తుంది. ఆ భాగానికి ప్రేరణ అయిన ఆగస్ట్ యేగర్ ఏ ప్రభువూ కాదు, నొవెల్లో అనే సంగీత ప్రచురణ సంస్థలో ఉద్యోగి. ఎల్గార్ నిరాశలో మునిగిన వేళల్లో ధైర్యం చెప్పి రచనకు పురికొల్పిన మిత్రుడు.

కీర్తి వచ్చిన పిమ్మట ఎల్గార్ సామ్రాజ్యపు ఆస్థాన గాయకుని వంటివాడయ్యాడు. 1901 నాటి 'పాంప్ అండ్ సర్కమ్‌స్టెన్స్' మొదటి కవాతు గీతం నేడు అమెరికా విశ్వవిద్యాలయాల స్నాతకోత్సవాలలోనూ వినవచ్చు. 1911 డిసెంబరులో ఢిల్లీ దర్బారు జరిగి, రాజధాని కలకత్తా నుండి ఢిల్లీకి మారుతుందన్న ప్రకటన వెలువడింది. మరుసటి సంవత్సరం మార్చిలో ఎల్గార్ సంగీతంతో 'ది క్రౌన్ ఆఫ్ ఇండియా' అనే నాటక ప్రదర్శన లండను కొలిసియం రంగశాలకెక్కింది. అందులో మన నగరాలు స్త్రీ పాత్రలుగా వస్తాయి. రాజధాని హోదా కోసం ఢిల్లీ, కలకత్తా వాదులాడుకుంటాయి. భారతదేశాన్ని కిరీటంలో మణిగా మాత్రమే చూపిన ఆ ప్రదర్శన నేడు మనకు రుచించదు. సంగీతం గొప్పదైనా, దాన్ని నడిపిన చూపు పరిమితమైనదే.

సాంకేతిక రంగంలోని వారికి మరొక ముచ్చట. ఎల్గార్ ఇంటి పెరటిలో రసాయన ప్రయోగశాల ఉండేది. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును తయారుచేసే ఒక పరికరాన్ని స్వయంగా రూపొందించాడు. శబ్దగ్రహణ యంత్రాన్ని అనుమానించక ఆదరించిన తొలితరం స్వరకర్తలలో ఆయన ముఖ్యుడు. 1914లోనే తన రచనలను రికార్డు చేయించాడు. అప్పట్లో వాద్యకారులు ఒక పెద్ద గరాటా ముందు కిక్కిరిసి కూర్చుని వాయించవలసి వచ్చేది. 1925 ప్రాంతంలో మైక్రోఫోను వచ్చాక తన ముఖ్య రచనలను మళ్ళీ రికార్డు చేశాడు. 1931 నవంబరులో లండను ఆబీ రోడ్ స్టూడియోను ప్రారంభించింది ఆయనే. మరుసటి ఏడు అక్కడే పదహారేళ్ళ యెహూది మెనూహిన్ వయొలిన్ వాయించగా తన కన్‌సర్టోను రికార్డు చేశాడు.

పాట కోసం పల్లెబాట

ఎల్గార్ తన మార్గాన తాను నడవగా, ఆయన తరువాతి తరం వేరొక దారి పట్టింది. దేశానికి సంగీతం లేదన్న మాట నిజమా, లేక ఉన్నదాన్ని వినేవారు లేరా అన్న సందేహం వారికి కలిగింది.

1903లో సెసిల్ షార్ప్ అనే సంగీతాధ్యాపకుడు సోమర్‌సెట్ ప్రాంతంలో ఒక మిత్రుని ఇంట ఉండగా, తోటమాలి పని చేసుకుంటూ పాడుతున్న పాట చెవిన పడింది. ఆ మాలి పేరు జాన్ ఇంగ్లండ్. షార్ప్ వెంటనే స్వరాలు రాసుకున్నాడు. అక్కడ మొదలైన సేకరణ ఆయన జీవితాంతానికి దాదాపు 5,000 బాణీలకు చేరింది.

అదే సంవత్సరం డిసెంబరులో రాల్ఫ్ వాన్ విలియమ్స్ అనే ముప్పై ఒక్క ఏళ్ళ యువకుడు ఎసెక్స్‌లోని ఇన్‌గ్రేవ్ గ్రామంలో వృద్ధులకు ఏర్పాటు చేసిన తేనీటి విందుకు వెళ్ళాడు. పాటలు తెలిసినవారు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. చార్లెస్ పాటిఫర్ అనే ముసలి కూలీ, విందులో పాడనన్నాడు గాని, మరునాడు ఇంటికి వస్తే పాడతానన్నాడు. మరునాడు వెళ్ళి విన్న తొలి పాటతోనే ఆ యువకుని జీవితం మలుపు తిరిగింది. ఆ బాణీ తనకు ఎన్నడో తెలిసినదే అన్న భావన కలిగిందని ఆయన తరువాత చెప్పుకున్నాడు. వచ్చే పదేళ్ళలో ఆయన 800కు పైగా పాటలు సేకరించాడు. 1905 జనవరిలో కింగ్స్ లిన్ రేవులో చేపలు పట్టేవారి నోట విన్న బాణీలతో వాద్యబృంద రచన చేశాడు. 1906లో తాను సంపాదకత్వం వహించిన 'ది ఇంగ్లిష్ హిమ్నల్' అనే ప్రార్థనా గీతాల సంపుటిలో పొలాలలో పాడుకునే బాణీలను చేర్చాడు. పొలంలో పుట్టినది దేవాలయం చేరింది.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. వాన్ విలియమ్స్‌కు జీతం మీద ఆధారపడే అవసరం లేదు. సంపన్న కుటుంబీకుడు, ఆయన తల్లి, శాస్త్రవేత్త చార్లెస్ డార్విన్‌కు మేనకోడలు. అయినా సైకిలెక్కి, కాలినడకన, పేదల లోగిళ్ళకు తానే వెళ్ళి కూర్చున్నాడు. వినడం నేర్చుకున్న తరువాత ఆయన రాసినది కూడా మారింది. 1910లో గ్లూస్టర్ కెథెడ్రల్‌లో తొలిసారి వినిపించిన టాలిస్ ఫాంటేజియాలో పదహారో శతాబ్ది నాటి ఒక బాణీ, రాతి కప్పు కింద ఒక పెద్ద తీగ వాద్య బృందానికీ దూరంగా కూర్చున్న మరొక చిన్న బృందానికీ మధ్య పిలుపు, మారుపలుకు వలె సాగుతుంది. 'ది లార్క్ అసెండింగ్'లో ఒంటరి వయొలిన్ భరత పక్షి వలె పైపైకి ఎగసి చివరకు వినబడీ వినబడని స్వరంలో కలిసిపోతుంది.

సేకర్తలలో యంత్రాన్ని వాడినవాడు పెర్సీ గ్రెయింజర్. ఆస్ట్రేలియాలో పుట్టి ఇంగ్లండులో ఉంటున్న పియానో విద్వాంసుడు. 1906లో లింకన్‌షైర్ పల్లెలకు ఎడిసన్ ఫోనోగ్రాఫును మోసుకువెళ్ళి మైనపు గొట్టాల మీద పాటలను పట్టాడు. కాగితం మీద రాస్తే బాణీ మాత్రమే దక్కుతుందని, మైనం మీద అయితే గొంతులోని గమకం, ఊపిరి, తడబాటు సైతం దక్కుతాయని ఆయన గ్రహించాడు. అక్కడ జోసఫ్ టేలర్ అనే వృద్ధుడు పాడిన ఒక జాతర పాట ఆధారంగా ఫ్రెడరిక్ డీలియస్ 1907లో 'బ్రిగ్ ఫెయిర్' రాశాడు. 1908లో గ్రామఫోన్ కంపెనీ టేలర్ గొంతునే రికార్డుగా విడుదల చేసింది. అందువల్ల ఆ గొంతును నేటికీ వినగలుగుతున్నాము.

ఈ సేకర్తలకు లోపాలు లేకపోలేదు. పొలం పాటలే అసలైన పాటలని భావించి, కర్మాగారాలలో, గనులలో, పట్టణపు వీధులలో పుట్టిన పాటలను చాలావరకు వదిలివేశారని తరువాతి పరిశోధకులు విమర్శించారు. అది న్యాయమైన విమర్శ. కాని వారు వెళ్ళి విన్న ఆ కొద్ది సంవత్సరాలే చివరి అవకాశం. పాటిఫర్ వంటి వారికి అప్పటికే డెబ్బై దాటింది.

సంస్కృతం నేర్చిన మాష్టారు

వాన్ విలియమ్స్‌కు ప్రాణమిత్రుడు గుస్తావ్ హోల్‌స్ట్. 1895లో విద్యార్థులుగా కలిసిన నాటి నుండి ఒకరి రచనను ఒకరు నిర్దాక్షిణ్యంగా విమర్శించుకునేందుకు ప్రత్యేకంగా రోజులు కేటాయించుకునేవారు. హోల్‌స్ట్ 1874లో చెల్టెన్‌హామ్‌లో పుట్టాడు. కుడి చేతి నరాల బాధ వలన పియానో వాదకుడయ్యే ఆశ వదులుకుని ట్రాంబోన్ పట్టి, ఒపెరా బృందాలతో ఊరూరా తిరిగి పొట్ట పోసుకున్నాడు. 1905లో లండనులోని సెయింట్ పాల్స్ బాలికల పాఠశాలలో చేరి, చివరిదాకా అక్కడే కొనసాగాడు. 1907 నుండి సాయంత్రాలు మోర్లీ కళాశాలలో, పగలంతా పనిచేసి వచ్చే కూలీలకు, గుమాస్తాలకు, దుకాణాల ఉద్యోగులకు సంగీతం నేర్పాడు. ఆ సాయంత్రపు విద్యార్థులే పర్సెల్ రచించిన 'ది ఫెయిరీ క్వీన్' వాద్య భాగాలను చేతితో నకలు రాసి, 1911లో ఆ మరుగుపడిన కృతిని మళ్ళీ వినిపించారు.

మనకు అత్యంత ఆసక్తి కలిగించేది హోల్‌స్ట్ సంస్కృతాభిమానం. ఇరవై నాలుగైదేళ్ళ వయసులో ఋగ్వేద సూక్తాలకు స్వరం కట్టాలనుకున్నాడు. దొరికిన అనువాదాలు ఆయనకు తృప్తినివ్వలేదు. అప్పుడాయన చేసిన పని గమనించదగినది. లండనులో మేబెల్ బోడ్ అనే విదుషి వద్ద సంస్కృతం నేర్చుకోనారంభించాడు. పండితుడు కాలేదు గాని, నిఘంటువు దగ్గర పెట్టుకుని తన పాటలకు తానే అనువాదం చేసుకోగల స్థాయికి వచ్చాడు. 1907, 1912 మధ్య వేద సూక్తాలను ఏకకంఠానికి, బృందగానానికి కూర్చాడు. కాళిదాస మేఘసందేశాన్ని 'ది క్లౌడ్ మెసెంజర్' పేర స్వరపరచగా 1913లో జరిగిన ప్రదర్శన నిరాశనే మిగిల్చింది.

1908లో రాసిన 'సావిత్రి' మాత్రం ఆయన చిన్న కృతులలో మణిపూస. ఎర్రాప్రగడ అరణ్యపర్వ శేషంలో మనం చదువుకున్న సావిత్రీ సత్యవంతుల కథే. నిడివి సుమారు అరగంట. పాత్రలు మూడే: సావిత్రి, సత్యవంతుడు, మృత్యువు. వాద్యాలు పన్నెండు. తెర వెనుక ఒక చిన్న బృందగానం. వాద్యం ఒక్కటీ పలకకముందే చీకటిలోంచి మృత్యువు గొంతు వినిపిస్తుంది. ఆ గొంతు ఎక్కడిదో ప్రేక్షకునికి కనిపించదు. భారీ రంగాలంకరణలు రాజ్యమేలుతున్న రోజులలో, ఆరుబయట సైతం ప్రదర్శించదగిన ఇంత పొదుపైన నాటకం రాయడం సాహసమే. అది వేదిక ఎక్కడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. ఎల్గార్ కిరీటపు వేడుకకు భారతదేశం ఒక అలంకారం. హోల్‌స్ట్ సావిత్రికి భారతదేశం ఒక ఆలోచన. రెండూ అయిదేళ్ళలోపు వచ్చినవే.

'ది ప్లానెట్స్' 1914, 1916 మధ్య రాయబడింది. పాఠశాలలో ఆయనకై ఏర్పరచిన శబ్దనిరోధక గదిలో, ఆదివారాలలో, ఆగస్టు సెలవులలో ఒక్కొక్క గ్రహం చొప్పున పూర్తయింది. చేయి నొప్పి తీవ్రమైనప్పుడు తోటి ఉపాధ్యాయినులు ఆయన చెప్పగా రాసిపెట్టారు. 1918 సెప్టెంబరు 29న, ఒక ధనిక మిత్రుడు కానుకగా ఖర్చు భరించగా, ఏడ్రియన్ బౌల్ట్ దానిని క్వీన్స్ హాల్లో ఆహ్వానితుల ఎదుట ప్రదర్శించాడు. సాధనకు దొరికిన వ్యవధి రెండు గంటల లోపే. గురుగ్రహ భాగం సాగుతుండగా వసారాలలో నేల తుడిచే స్త్రీలు పని ఆపి నృత్యం చేశారని చెబుతారు. చివరిదైన నెప్ట్యూన్‌లో కనబడని స్త్రీల బృందగానం, పక్క గది తలుపును మెల్లమెల్లగా మూయగా, నిశ్శబ్దంలో లీనమైపోతుంది. ఆనాడు ఆ గది లోపల పాడినది ఆయన విద్యార్థినులే.

యుద్ధం తీసుకున్నది

ఈ పునరుజ్జీవనం మధ్యలోనే 1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. జార్జ్ బటర్‌వర్త్ అనే యువకుడు వాన్ విలియమ్స్‌కు ఆప్తుడు. ఆయన తండ్రి నార్త్ ఈస్టర్న్ రైల్వేలో జనరల్ మేనేజరు. కుమారుడు వకీలు కావాలని కుటుంబం ఆశించినా, అతడు పల్లె పాటలను, జానపద నృత్యాలను సేకరిస్తూ, స్వయంగా నర్తిస్తూ తిరిగాడు. పెద్ద స్వరకల్పన ఒకటి చేయమని వాన్ విలియమ్స్‌ను ప్రోత్సహించినది ఇతడే. అలా పుట్టిన 'ఎ లండన్ సింఫనీ' 1914 మార్చిలో వినిపించింది. జర్మనీకి పంపిన దాని మూల ప్రతి యుద్ధపు అలజడిలో పోగా, వాద్యకారుల విడి భాగాల నుండి మొత్తం ప్రతిని తిరిగి నిర్మించిన మిత్రులలో బటర్‌వర్త్ ఒకడు.

సైన్యంలో చేరి ఫ్రాన్సుకు వెళ్ళేముందు, తనకు నచ్చని చిత్తుప్రతులు తిరిగివచ్చి సవరించే అవకాశం ఉండదేమోనని అనేకం కాల్చివేశాడు. డర్‌హామ్ గని కార్మికులతో నిండిన పటాలంలో లెఫ్టినెంటుగా పనిచేశాడు. 1916 ఆగస్టు 5న సోమ్ యుద్ధంలో తుపాకి గుండుకు నేలకొరిగాడు. వయసు ముప్పై ఒకటి. దేహం దొరకలేదు. తాను స్వరకర్తనన్న సంగతి అక్కడ ఎవరికీ చెప్పుకోలేదు. మరణానంతరం అతని తండ్రికి ఉత్తరం రాసిన సేనాధికారికి కూడా అంతవరకు ఆ విషయం తెలియదు. నేడు మనకు మిగిలినవి కొన్ని పాటలు, మూడు నాలుగు చిన్న వాద్య కృతులు. అన్నీ కలిపి ఒక సాయంత్రానికి సరిపోవు. వాన్ విలియమ్స్ తన లండన్ సింఫనీని అతని స్మృతికి అంకితం చేశాడు.

వాన్ విలియమ్స్ సైతం నలభై రెండేళ్ళ వయసులో స్వచ్ఛందంగా సైన్యంలో చేరి క్షతగాత్రులను మోసే వైద్య దళంలో పనిచేశాడు. ఫ్రాన్సులో ఒక సాయంత్రం సాధన చేస్తున్న బూరగాడు పై స్వరాన్ని అందుకోలేక ఒక మెట్టు కింద ఆగిపోవడం ఆయన చెవిని అంటిపెట్టుకుంది. 1922 నాటి 'పాస్టొరల్ సింఫనీ'లో ఆ తప్పిన స్వరాన్ని దిద్దకుండా ఉన్నదున్నట్లు నిలిపాడు. పచ్చిక బయళ్ళ సంగీతం అని కొందరు తేలికగా తీసుకున్న ఆ కృతి, వాస్తవానికి శవాలు మోసిన మనిషి చేసిన స్మరణ.

ఎల్గార్ 1919లో రాసిన చెల్లో కన్‌సర్టో మరొక వీడ్కోలు. సాధన చాలక తొలి ప్రదర్శన విఫలమైంది. ఆనాడు బృందంలో వెనుక వరుసలో చెల్లో వాయించిన యువకుడు జాన్ బార్బిరోలీ. 1965లో ఆయన నిర్వహణలో జాక్వెలీన్ డు ప్రే అనే ఇరవై ఏళ్ళ యువతి చేసిన రికార్డింగుతోనే ఆ కృతి లోకప్రియమైంది. నలభై ఆరు సంవత్సరాల నిరీక్షణ!

ఆకాశవాణిలో ఒక ఆంగ్లేయుడు

ఈ కథలో ఒక పాయ మన దేశంలోనే ముగిసింది. మాంచెస్టరులో పుట్టిన జాన్ ఫౌల్డ్స్, తండ్రి వలెనే హాలే వాద్యబృందంలో ఉద్యోగి, చెల్లో వాయించేవాడు. యుద్ధ మృతులందరికీ, దేశభేదం లేకుండా, ఆయన రాసిన 'ఎ వరల్డ్ రిక్వియమ్' 1923 నుండి నాలుగేళ్ళు లండనులో ఏటా ప్రదర్శింపబడి, ఆ తరువాత ఆగిపోయింది. ఆయన భార్య మాడ్ మెకార్తీ అనీబిసెంట్‌తో కలిసి భారతదేశానికి వచ్చి, మన శ్రుతి భేదాలను పాడి చూపగలిగినంతగా అభ్యసించిన విదుషి.

1935లో ఫౌల్డ్స్ భారతదేశం వచ్చాడు. 1937లో ఆలిండియా రేడియో ఢిల్లీ కేంద్రంలో పాశ్చాత్య సంగీత విభాగానికి అధిపతి అయ్యాడు. మన వాద్యకారులతో ఒక బృందాన్ని కూర్చి, రాసిన స్వరాలను చూసి కలిసి వాయించడం నేర్పాడు. పద్య నాటకాభిమానులు ఒక సంగతి తెలిసి నొచ్చుకోవచ్చు. హార్మోనియం మెట్లు మన సూక్ష్మ శ్రుతులకు పనికిరావని 1938లో రేడియో పత్రికలో వ్యాసం రాసినది ఈయనే. 1940లో రేడియో ఆ వాద్యాన్ని నిషేధించగా, సడలింపుకు మూడు దశాబ్దాలు పట్టింది. అది చూడడానికి ఫౌల్డ్స్ లేడు. 1939 ఏప్రిల్‌లో కలకత్తా కేంద్రానికి బదిలీ అయిన కొద్ది రోజులకే కలరా సోకి అక్కడే మరణించాడు. బదిలీ ఉత్తర్వు అందుకుని పెట్టె సర్దుకున్న ప్రతి ఉద్యోగికీ ఈ ముగింపు మనసును తాకుతుంది.

మేము వినీ వినని పాట

1934 ఫిబ్రవరిలో ఎల్గార్, మే నెలలో హోల్‌స్ట్, జూన్‌లో డీలియస్ నాలుగు నెలల వ్యవధిలో కన్నుమూశారు. వాన్ విలియమ్స్ 1958 వరకు జీవించి, చివరి సంవత్సరాలలో కూడా రాస్తూనే ఉన్నాడు. 'సంగీతం లేని దేశం' అన్న మాట అప్పటికి నవ్వులాట అయిపోయింది.

ఈ చరిత్ర చదివినప్పుడల్లా మాకు ఒక సంగతి జ్ఞాపకం వచ్చి సిగ్గుపడతాము. ట్రైనీ ఇంజనీరుగా మధ్య భారతంలో ఒక నిర్మాణ స్థలంలో ఉన్న రోజులవి. పునాది కాంక్రీటు రాత్రంతా ఆగకుండా పోయవలసి ఉండేది. పాలమూరు నుండి వచ్చిన కూలీలు వరుసగా నిలబడి తట్టలు చేతులు మార్చేవారు. అర్ధరాత్రి దాటి నిద్ర ముంచుకొచ్చే వేళ ఒక పెద్దావిడ పాట ఎత్తుకునేది. వరుసంతా అందుకునేది. తట్ట చేతులు మారే క్షణానికి సరిగ్గా పాట విరుపు కుదిరేది. పాట నడిచినంతసేపు కాంక్రీటు ఆగేది కాదు. మా పుస్తకంలో మిక్సరు ఎన్ని దఫాలు తిరిగిందో, స్లంపు ఎంతో, క్యూబులు ఎన్నో గంట గంటకూ రాశాము. పాటను రాయలేదు.

మొదటి జీతంతో కొన్న టేప్ రికార్డరు మా గదిలో, నడిస్తే పది నిమిషాల దూరంలో ఉన్నది. దానిలో కుజుడు, గురుడు వినేవాళ్ళము. దానిని ఒక్కసారి సైటుకు తీసుకెళ్ళాలన్న ఆలోచన రాలేదు. ఏడాది తిరగకుండా కాంక్రీటు పంపు వచ్చింది. తట్టల వరుస పోయింది. పంపు వలన పని వేగం పెరిగింది, నాణ్యత పెరిగింది, ఆ తల్లుల నడుములకు విశ్రాంతి దొరికింది. దానికి మేము విచారించడం లేదు. కాని ఆ పాట పోయింది. ఆ పెద్దావిడ పేరేమిటో, ఏ ఊరో అడగలేదు. నేడు తలచుకుంటే విరుపు ఒక్కటే చెవిలో మెదులుతుంది, మాటలు లేవు.

నూరేళ్ళ కిందట చార్లెస్ పాటిఫర్ అనే కూలీ పేరు ఒక నోటుపుస్తకంలోకి ఎక్కింది, ఒకరు మరునాడు మళ్ళీ వెళ్ళినందుకు. మాకు మరునాళ్ళు ఎన్నో ఉండి కూడా వెళ్ళలేదు.

ఇప్పుడు గ్రెయింజర్ మోసిన ఫోనోగ్రాఫు అక్కరలేదు. ప్రతి ఇంటా ప్రతి చేతిలో శబ్దగ్రహణ యంత్రం ఉన్నది. మన టౌన్‌షిప్పులో దేశం నలుమూలల నుండి వచ్చిన కుటుంబాలున్నాయి. వారి ఇళ్ళలో దంపుళ్ళ పాటలు, పడవ పాటలు, ఊయల పాటలు ఎరిగిన పెద్దలున్నారు. క్యాంటీనులో, గార్డెనులో, కాంట్రాక్టు పనులలో ఉన్నవారి వద్ద మనం అడగనివి ఎన్నో ఉండవచ్చు. సంపాదకవర్గానికి మా విన్నపం ఒక్కటే: ప్రతి సంచికలో ఒక అర పుట ఇందుకు కేటాయించండి. ఒక పాట, పాడినవారి పేరు, ఊరు, చేసే పని, అంతే. తొలి అర పుటకై ఈ ఆదివారం మా వంటి ఉద్యోగస్తులు ఎవరైనా బయలుదేరితే, మేమూ వారి వెంట వస్తాము.